కమెజో పెరటి జెన్మాయి

నెజుసావలో మగ జెన్మాయిని తుంచిన మొదటి మనిషి మా బావ కమెజో. ఊరు ఊరంతా అతని మీద దుమ్మెత్తిపోసింది. అందరికంటే ఎక్కువ తిట్టింది నేనే. మా అక్క బతికుంటే మొగుణ్ణి తిట్టుకునే పని ఆవిడే చూసుకునేది. ఆవిడ లేదు కాబట్టి అది నా మీద పడింది.

జెన్మాయి అంటే, మంచు కరిగిన చోటల్లా ఒళ్ళంతా ఉన్ని కప్పుకుని, తల లోపలికి చుట్టుకుని లేచే ఫెర్న్ మొక్క. ఒకే దుంప నుంచి ఆడదీ వస్తుంది, మగదీ వస్తుంది. ఆడది విచ్చుకుని ఆకవుతుంది. విచ్చుకోకముందే దాన్ని కోసుకుంటాం. మగది ఎప్పటికీ ఆకు కాదు. సన్నగా నిటారుగా నిలబడి, ఒంటినిండా పూసలు కట్టి, ఆ పూసలు పగిలి పచ్చటి పొడి రాల్చేసి, గోధుమరంగు తిరిగి ఎండిపోతుంది. దాన్ని ముట్టుకోకూడదు. ఎవరు పెట్టిన కట్టుబాటో ఎవరికీ తెలియదు. బిడ్డని వీపున కట్టుకుని కొండకి పోయే తల్లి, ఆ బిడ్డకి మాటలు రాకముందే, "అది మగది, వదిలెయ్" అని చెప్పడం మొదలుపెడుతుంది. మగవాటిని కోస్తే కొండ గొడ్డుబోతుందని మా భయం.

భయం ఉండదా మరి! మా తిండి అదే. చలికాలమంతా మగాళ్ళు టోక్యో పోయి సొరంగాలు తవ్వేవారు. మంచు మెత్తబడే వేళకి తిరిగొచ్చి కొండెక్కేవారు. ఆ కొన్ని వారాలు బడికి కూడా సెలవే. కోయడం, ఉన్ని తీయడం, కాగుల్లో ఉడకబెట్టడం, గడ్డి చాపల మీద ఎండలో పోసి అరచేతులతో నలపడం. నలిపిన కొద్దీ అది ఎర్రబడి, నల్లబడి, ముడుచుకుపోతుంది. మా ఆడవాళ్ళ అరచేతులూ అదే రంగుకి వచ్చేవి. పిల్లనివ్వడానికి వచ్చినవాళ్ళు పొలం ఎంతుందని అడిగేవారు కాదు. ఏ చరియ మీ ఇంటిదని అడిగేవారు.

కమెజో ఇంటిది ఎలుగుజారుడు. ఊళ్ళో అన్నిటికంటే మంచి చరియ అదే, అన్నిటికంటే పాపిష్టి చరియా అదే. ప్రతి చలికాలం మంచు పెళ్ళలు పెళ్ళలుగా విరిగి, జారుతూ జారుతూ ఆ చరియ ఒళ్ళు గీకి పారేస్తుంది. అక్కడ చెట్టు నిలవదు. చెట్టు నీడ లేని, ఎప్పుడూ నీరు ఊరే ఆ పచ్చి మట్టిలోనే జెన్మాయి బొటనవేలంత లావున లేస్తుంది. కమెజో కొడుకు తత్సుజి జారిపోయింది అక్కడే. పెళ్ళయి అప్పటికి రెండో వసంతం. కొడుకుని వెతకడానికి ఎక్కిన కమెజో మోకాలిచిప్ప పగలగొట్టుకుని దిగాడు. ఆ కాలు మళ్ళీ వంగలేదు.

కోడలు కినుయేని తీసుకుపోవడానికి పుట్టింటివాళ్ళు వచ్చారు. పిల్లా జెల్లా లేదు, వయసుంది, వెళ్ళిపోతుందనే అందరం అనుకున్నాం. ఆ పిల్ల గడప దిగలేదు.

"నేను పోతే మావయ్యకి ఎవరు వండుతారు?" అంది.

"వాగు అవతలి ఒడ్డున నేను లేనా?" అన్నాను.

"నీ వంట తింటే మావయ్య మూడో పూటకల్లా కొడుకు దగ్గరికి పోతాడు చిన్నత్తా!"

చావింట్లో అలాంటి మాట ఎవరంటారు? కినుయే అంటుంది. దాని నోరే అంత. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చి, చేతిలో ఉన్న గరిటెతో దాని వీపున ఒక్కటిచ్చాను. ఆ రోజు నుంచి అది నాకు సొంత కోడలి కిందే లెక్క.

మరుసటి వసంతం కినుయే, మంచు మీద జారకుండా తత్సుజి కాళ్ళకి కట్టుకునే ఇనప ముళ్ళ పట్టీలు దులిపి, తన పాదానికి పెద్దవైతే మధ్యలో గడ్డి కుక్కి, అదే ఎలుగుజారుడు ఎక్కింది. ఎక్కక ఏం చేస్తుంది? ఇంట్లో ఒక కుంటివాడు, ఒక ఆడది, గింజ పుట్టని పొలం. కమెజో ఆ రోజంతా వాకిట్లో మెట్టు మీద కూర్చుని చరియ వైపే చూశాడు. పొద్దు వాలాక కినుయే మోపుతో దిగింది. మోపు దించుకునేలోపు ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

కాగు కింద మంట ఎగదోస్తుంటే నా పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"మాసూ, ఆ మొక్కని కిందికి దించాలి."

"ఏ మొక్కని?"

"జెన్మాయిని. పెరట్లోకి దించాలి. అది కిందికొస్తే, ఇది పైకెళ్ళక్కర్లేదు." గడ్డంతో కినుయే వైపు చూపించాడు.

"ముల్లంగి అనుకున్నావా బావా, పెరట్లో వేసుకోవడానికి? దుంపలు ఎవడు తవ్వుకొస్తాడు అక్కణ్ణుంచి?"

"దుంప కాదు. ఒక్కోటి కాగంత ఉంటుంది, రాయిని పట్టుకుని. అక్కడ గునపం దించితే మనిషీ దుంపా కలిసే కిందికొస్తాయి. మగదాని పొడి తెచ్చి చల్లుతా."

అప్పుడే మొదలుపెట్టాను తిట్లు. కొడుకు పోయాక మతి కూడా పోయిందా, ఊరి నోట్లో పడతావా అని. ఆయన ఓపిగ్గా విని, "మగదాన్ని ఎందుకు వదిలెయ్యాలి మాసూ?" అని అడిగాడు.

"పెద్దవాళ్ళు వదిలెయ్యమన్నారు కాబట్టి."

"దాని పొడి మొలుస్తుంది కాబట్టి. కొండ మీద మొలిచేది పెరట్లో మొలవదా?"

చిన్నప్పటి నుంచీ మనిషి అంతే. ఎద్దుకీ ఆయనకీ తేడా కొమ్ములొక్కటే.

అప్పటికి కింది కొండలన్నీ దేవదారు తోటలైపోయాయి. ఆ చీకట్లో జెన్మాయి ఏనాడో చచ్చిపోయింది. ఒక్క ఊట పక్కన గట్టు మీద మాత్రం కొన్ని దుంపలు మిగిలాయి. కర్ర పొడుచుకుంటూ అక్కడికి పోయి, పట్టపగలే, అందరూ చూస్తుండగానే మగవాటిని తుంచాడు. దొంగతనంగా చేసినా కొంత నయంగా ఉండేది. దారిన పోయేవాళ్ళు ఆగి మరీ తిట్టారు. కినుయే మాత్రం, "మావయ్యా, ఈ వయసులో మగవాళ్ళ వెంట పడ్డారేంటి?" అని నవ్వింది.

కాగితం మీద పరిచిన కాడల నుంచి తెల్లారేసరికి పొడి రాలింది. తిరగట్లో విసిరిన టీ ఆకులా పచ్చగా, ముట్టుకుంటే వేలికి అంటుకునేంత మెత్తగా ఉంది. నెజుసావ మనిషి చేతికి విత్తనం దొరికితే ఏం చేస్తాడు? బాగా ఆరబెడతాడు. కాగితంలో పొట్లం కట్టి, ఇంటి మధ్య పొయ్యి పైన వేలాడే తట్టలో పెడతాడు. కొర్రలైనా, ముల్లంగి గింజలైనా, జనుమైనా మా విత్తనాలన్నీ చలికాలం ఆ పొగలోనే గడుపుతాయి. పురుగు పట్టదు, బూజు పట్టదు. కమెజో కూడా అదే చేశాడు. మంచు ఇంటి చూరు దాకా పేరుకున్న రోజుల్లో ఆయన పొయ్యి పక్కన కూర్చుని మాటిమాటికీ పైకి చూసేవాడు.

వసంతంలో పొట్లం విప్పితే పొడి రంగు పోయి బూడిదలా ఉంది. అయినా చల్లి, కొర్రలకి కప్పినట్టు పైన వేలెడు మట్టి కప్పాడు. దేవుడికి దణ్ణం పెట్టాడు. గడ్డి తప్ప ఏమీ రాలేదు.

కినుయే మెట్టు మీద కూర్చుని ముళ్ళ పట్టీలు కట్టుకుంటూ పెరటి వైపు చూసింది.

"మావయ్యా, ఈ ఏడు కొండకా, పెరట్లోకా?"

"ఈ ఏడు కొండకే. వచ్చే ఏడు పెరట్లోకి."

"మీ గడ్డి అయితే భలే పండింది. ఎద్దుంటే కడుపు నిండేది."

ఆ ఏడు మళ్ళీ తుంచాడు. ఈసారి దాచకుండా వెంటనే చల్లాడు. మట్టి కప్పిన మడిలో ఈసారీ ఏమీ రాలేదు. కానీ పొడి మోసుకొస్తున్నప్పుడు కొంత ఒలికి, చూరు నీళ్ళు కారే చోట, ఎండ తగలని పాత పెంకు మీద పడింది. కొన్నాళ్ళకి ఆ పెంకు మీద పచ్చటి పొర కట్టింది. నేను నాచనుకుని చీపురు పట్టుకుని వెళ్ళాను. కమెజో గోచీ సరిగ్గా లేకుండా పరిగెత్తుకొచ్చాడు. కుంటికాలుతో పరిగెత్తడం అదే మొదటిసారి, అదే ఆఖరుసారి.

"ముట్టుకోకు! అది జెన్మాయి!"

"ఇదా? దీన్నా కినుయే కోసేది? కత్తి చాలదు బావా, దువ్వెన కావాలి."

తర్వాత ఆ పొరలో చిన్న చిన్న పొలుసులు లేచాయి. గోటి కంటే చిన్నవి, మధ్యలో నొక్కు పడినవి. ఆకూ కాదు, కాడా కాదు. మా ఊళ్ళో ఎవరికైనా చూపిస్తే బండ మీద పట్టే పాచి అని చెప్పులతో గీకేస్తారు. ఆయన మాత్రం పసిబిడ్డ పక్కన కూర్చున్నట్టు దాని పక్కనే కూర్చునేవాడు. ఊరికే కూర్చుని ఉంటే బాగుండేది. బలం కావాలనుకున్నాడు. బూడిద చల్లాడు.

మాకు బూడిద అంటే అంత నమ్మకం. మంచు తొందరగా కరగడానికి బూడిద, పొలానికి బూడిద, కాగులో చేదు విరగడానికి బూడిద, తెగిన గాయానికి కూడా బూడిద. బీచి చెట్టు కట్టెల బూడిద, జల్లించి జల్లించి, ఇంట్లో ఉన్న అన్నిటికంటే మంచిది తెచ్చి మరీ ఆ పొలుసుల మీద చల్లాడు. వారం తిరక్కుండా అన్నీ నల్లబడి మాడిపోయాయి. పగలు కాసిన ఎండదే తప్పన్నాడు, రాత్రి చలిదే తప్పన్నాడు. బూడిద మీద మాత్రం అనుమానం రాలేదు. రాదు కూడా. నెజుసావలో ఎవరికీ రాదు. మళ్ళీ కోతల కాలం వచ్చింది.

"మావయ్యా, ఈ ఏడు కొండకా, పెరట్లోకా?"

"ఈ ఏడు కొండకే." ఈసారి గొంతు సన్నబడింది. "వచ్చే ఏడు పెరట్లోకి."

కినుయే ఎగతాళి చేయలేదు. దిగివచ్చేటప్పుడు ఆయన కోసం ఒక కబురు తెచ్చింది. "మావయ్యా, మీ పొలుసులు పైన కూడా ఉన్నాయి. మంచు గీకిన గట్టు మీద, నీళ్ళు చెమ్మగిల్లే చోట, ఉత్తరం మొహాన. ఎండపడే వైపు ఒక్కటీ లేదు." ఆ రోజు మామా కోడళ్ళిద్దరూ జెన్మాయి నలుపుతూ పొద్దుపోయేదాకా పెరట్లో ఏ మూల ఉత్తరం, ఏ మూల చెమ్మ అని మాట్లాడుకున్నారు. వాళ్ళకి వేరే సంబరం ఏముంది? అదే సంబరం.

తర్వాతి ఏడు దేవదారు తోటకి లారీ దారి వేస్తూ ఊట పక్కన గట్టుని చదును చేసేశారు. కింద మిగిలిన ఆ నాలుగు దుంపలూ దారి కిందికి పోయాయి. ఆ దారి మీదే కవానిషి వచ్చాడు. దేవదారు మొక్కలు ఎలా ఉన్నాయో చూసిపోయే అటవీ ఉద్యోగి. వానలో చిక్కుకుని కమెజో ఇంట్లో తలదాచుకున్నాడు. కినుయే పెట్టిన మిసో పులుసు తాగుతూ పెరట్లో మడి గురించి అడిగాడు. కమెజో మొదట గొణిగాడు, తర్వాత అంతా చెప్పుకొచ్చాడు. అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను.

"తాతా, ఆ పచ్చ రంగే దాని ప్రాణం," అన్నాడు కవానిషి. "మిగతా ఫెర్న్‌ల పొడి గోధుమరంగులో ఉంటుంది, ఏళ్ళ తరబడి పడుకోగలదు. జెన్మాయి పొడికి పడుకోవడం రాదు. రాలేటప్పుడే మేలుకుని ఉంటుంది. కొద్ది వారాలు, అంతే. ఆరబెట్టి పొగలో పెట్టారా? వేయించి విత్తినట్టే."

కమెజో పొయ్యి పైనున్న తట్ట వైపు చూశాడు.

"మట్టి కప్పొద్దు. వెలుతురు తగలకపోతే మొలవదు. అలాగని ఎండా పడొద్దు. నాచూ బూజూ దాన్ని మింగేస్తాయి, మట్టిని ముందే ఉడికించండి. పైన గాజు పలక పెట్టండి. ఆ పొలుసులున్నాయే, వాటిలోనే తల్లీ ఉంటుంది తండ్రీ ఉంటాడు. తండ్రి తల్లి దగ్గరికి ఈదుకుంటూ పోవాలి. పైన నీటి తడి నిలిచి ఉంటేనే అది కుదురుతుంది. ఎండిపోతే బిడ్డ లేదు."

"బలానికి..." అన్నాడు కమెజో.

"బూడిద మాత్రం వెయ్యకండి. దానికి పులుపు నేల కావాలి. బూడిద దాని పాలిట విషం."

కినుయే లేచి పులుసు మళ్ళీ పోసింది. కవానిషి చెప్పినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. మనిషి కూడా మంచివాడే. అయినా ఆ మొహం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నా తత్వం అది.

వెళ్ళేముందు ఇంకో మాట అన్నాడు. "అప్పుడే విచ్చుకుంటున్న మగవాటిని కోసి, తడి నాచులో చుట్టి తెచ్చి, ఆ రోజే చల్లండి తాతా."

కమెజో పెట్టెలు తయారుచేశాడు. దేవదారు పలకలు కోసి, జెన్మాయి ఉడికించే కాగులోనే మట్టి ఉడికించి, పాత కిటికీ అద్దాలు ఊడదీసి మూతలు పెట్టాడు. ఇంటి ఉత్తరాన, చెమ్మ ఊరే మూల వరుసగా పేర్చాడు. అన్నీ ఉన్నాయి. పొడి ఒక్కటి లేదు. మగవి ఇక ఎలుగుజారుడు మీదే ఉన్నాయి. మేం కోతకి ఎక్కే రోజుల్లో అవి ఇంకా ముడుచుకునే ఉంటాయి. పూసలు విచ్చే వేళకి కోతలైపోతాయి, నాట్లు మొదలవుతాయి. అప్పుడిక ఆ చరియ వైపు ఎవరూ పోరు. లోయలో నిలిచిన మంచు పైకి గట్టిగానే కనిపిస్తుంది, కింద నీళ్ళు దాన్ని తొలిచేసి బోలు చేసి ఉంటాయి. ఆ సంగతి మా ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు.

కినుయే అడగకముందే కమెజో నా ఎదుటే చెప్పాడు. "వద్దు. నువ్వు ఎక్కకూడదనే కదా ఇదంతా. వచ్చే ఏడు ఇంకేదైనా దారి చూద్దాం."

నోటితో అన్నాడు, మనసుతోనే అన్నాడు. నేను ఆ మాట మీద ఒట్టేస్తాను. కానీ పొద్దునా సాయంత్రం ఆ ఖాళీ పెట్టెల మూతలు తీసి, నీళ్ళు చిలకరించి, మళ్ళీ మూసేవాడు. మట్టి ఎండితే పాడవుతుందట.

నాట్ల రోజుల్లో ఒక పొద్దున నేను వాగులో ఆకుకూర కడుగుతున్నాను. కినుయే అవతలి గట్టున నడుచుకుంటూ వచ్చింది. భుజాన ముళ్ళ పట్టీలు.

"ఎక్కడికే?"

"చుట్టాలింటికి."

"ఆ పట్టీలేసుకునా? ఏ చుట్టం ఉన్నాడే నీకు, ఎలుగుబంటా?"

నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది. "చిన్నత్తా, మావయ్య ఖాళీ పెట్టెలకి నీళ్ళు పోస్తున్నారు చూశావా? బిడ్డ లేని ఉయ్యాల ఊపుతున్నట్టుంది. నాకు చూడబుద్ధి కావట్లేదు."

"చూడకపోతే కళ్ళు మూసుకో. మంచు బోలుగా ఉంటుందే ఇప్పుడు!"

"మంచు మీద అడుగు పెట్టను, రాతి అంచునే పోతా. ఈ ఒక్కసారే. ఇది తెచ్చానంటే ఇక జన్మలో ఎక్కక్కర్లేదు. నీ దగ్గర కూర్చుని నీ తిట్లు తింటూ బతికేస్తా."

"కినుయే! వెనక్కి రా! నా మాట వినకపోతే నీ చేతి నీళ్ళు తాగను!"

"చేతి వంట తింటావుగా, చాలు!" అని అరుస్తూ వంపు తిరిగిపోయింది.

కూర బుట్ట వాగులో వదిలేసి కమెజో ఇంటికి పరిగెత్తాను. ఆయన చేతిలో నీళ్ళ చెంబుంది. విన్నాడు. చెంబు పడేసి, కర్ర కూడా తీసుకోకుండా, కాలు ఈడ్చుకుంటూ పొలం చివర దాకా వెళ్ళి, "కినుయే! కినుయే!" అని పిలిచాడు. వాగు హోరులో ఆ పిలుపు మా ఇద్దరికే వినబడింది. ఆయన గొంతు బొంగురుపోయేదాకా పిలిచాడు. మధ్యాహ్నానికి పొగమంచు దిగి చరియ కనబడకుండా పోయింది. నాట్లు వేస్తున్న మగాళ్ళు మడుల్లోంచి లేచి, కాళ్ళ బురద కడుక్కోకుండానే కొండెక్కారు.

మర్నాడు మధ్యాహ్నం కినుయేని తలుపు చెక్క మీద పెట్టి దించారు. పైనుంచి వచ్చేటప్పుడు రాతి అంచు దాకా బాగానే వచ్చిందట. అక్కడ అంచు వానకి కోసుకుపోయి ఉంది. ఒక్క నాలుగడుగులు మంచు మీద నడిచింది. మంచు కుంగింది. కింద నీళ్ళలో రెండు రాళ్ళ మధ్య దొరికింది. ముళ్ళ పట్టీ ఒక కాలికి అలాగే ఉంది. వీపున, తడవకూడదని భుజాల మీదికి ఎత్తి కట్టుకున్న నూనె కాగితం మూట ఉంది.

ఆడవాళ్ళం నీళ్ళు కాచి ఒళ్ళు కడుగుతున్నాం. నేను దాని జుట్టులో ఇసుక తీస్తున్నాను. ఎంత తీసినా వస్తూనే ఉంది. కమెజో గడపలో నిలబడి, "ఆ మూట ఏది?" అన్నాడు.

ఎవరో అందించారు. తీసుకుని వెళ్ళిపోయాడు. కోడలి మొహం వైపు చూడలేదు. నేను చేతిలో తుండుతో అలాగే లేచి వెనకే వెళ్ళాను. ఇంటి ఉత్తరాన పెట్టెల దగ్గర మూట విప్పాడు. తడి నాచు, నాచు మధ్య మగ జెన్మాయి. పూసలు అప్పుడప్పుడే విచ్చుతున్నాయి. మూట లోపలంతా పచ్చగా రాలి ఉంది. ఒక్కొక్క కాడే తీసి, పెట్టె మీద పట్టుకుని, వేలితో మెల్లిగా తడుతున్నాడు.

"బావా! నీకు మనసుందా? అక్కడ అది చల్లబడి పడుకుని ఉంటే నువ్వు విత్తనాలు చల్లుకుంటున్నావా?"

"ఆరిపోతాయి మాసూ. ఒక రోజు అప్పుడే పోయింది. వీటి ప్రాణం పోతుంది."

"దాని ప్రాణం పోయింది! నీ పొడి కోసం పోయింది!"

తుండుతో కొట్టాను. వీపు మీద, భుజం మీద, చేతికందిన చోటల్లా కొట్టాను. ఆయన చెయ్యి మాత్రం కాడల్ని తడుతూనే ఉంది. అన్న మాట నేను ఇప్పటికీ వెనక్కి తీసుకోను. నిజమే కదా అన్నాను. ఆఖరి కాడ అయిపోయాక, మూతలు పెట్టి, నీళ్ళు చిలకరించి, అప్పుడు వెనక్కి తిరిగాడు. మోకాళ్ళ మీద కూలబోయాడు గానీ ఆ కాలు వంగదు కదా, పక్కకి మట్టిలో పడిపోయాడు. పడి, నోట్లో గుడ్డ కుక్కుకున్నట్టు, శబ్దం రాకుండా ఏడ్చాడు. తిట్టడానికి నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు.

కర్మ నాడు కినుయే అన్న వచ్చి అందరి ముందూ అడిగాడు. "మా పిల్లని కొండకి పంపి పాచి తెప్పించుకున్నావటగా?" నేను పంపలేదని కమెజో అనొచ్చు. సాక్ష్యానికి నేనూ ఉన్నాను. ఆయన నుదురు చాపకి ఆనించి అలాగే ఉండిపోయాడు. నేను నోరు తెరవబోతే కళ్ళతోనే వద్దన్నాడు.

ఆ పొడి మొలిచింది. అన్ని పెట్టెల్లోనూ, అంచు నుంచి అంచు దాకా మొలిచింది. ముందు పచ్చటి పొర, తర్వాత పొలుసులు. వేసవి ఎండలో మూతల మీద గడ్డి చాప కప్పేవాడు, మబ్బు పడితే తీసేవాడు. మెత్తటి కుంచెతో నీళ్ళు చుక్కలు చుక్కలుగా వేసేవాడు. ఆకులు రాలే కాలానికి ఒక్కో పొలుసు నొక్కులోంచి గడ్డిపరకంత ఆకు లేచింది. మంచు కింద చలికాలం గడిచింది. చచ్చినవి చచ్చాయి, మిగిలినవి మిగిలాయి. తర్వాత ఏళ్ళకి ఏళ్ళు పట్టింది. పెట్టెల్లోంచి మడిలోకి, మడిలోంచి పాడుబడిన తడి పొలంలోకి. ఆ ఏళ్ళల్లో కమెజో నా వంటే తిన్నాడు, చావలేదు. కినుయే ఉంటే ఆ సంగతి చెప్పి దాని నోరు మూయించేదాన్ని.

పొలం పచ్చబడేసరికి, మగదాన్ని తుంచాడని ఉమ్మేసినవాళ్ళే ఒకరి వెనక ఒకరు వచ్చారు. నేనైతే చీపురు తిరగేసేదాన్ని. కమెజో ఒకటే అడిగేవాడు. "మీ ఇంట్లో ఎవరు ఎక్కుతున్నారు?" పేరు చెప్పగానే మొక్కలు పెట్టె నిండా తీసి ఇచ్చేవాడు. పొడి వచ్చే వేళకి పిలిచి, ఆ రోజే చల్లించేవాడు. బూడిద చల్లుతానన్న వాడిని మాత్రం కర్రతో తరిమాడు. ఇవాళ నెజుసావలో పాడుబడిన తడి పొలాలన్నీ జెన్మాయే. ఎలుగుజారుడు ఎటువైపు ఉందో ఇప్పటి కుర్రాళ్ళకి తెలియదు. ముళ్ళ పట్టీలు గోడలకి తుప్పు పట్టాయి. మంచిదే. నాకు మాత్రం ఆ పొలాల గట్ల మీద నడిచినప్పుడల్లా కినుయే జుట్టులో ఇసుక చేతికి తగులుతుంది.

కమెజో పొలం మొదటిసారి కోతకొచ్చిన పొద్దున నేను బుట్టా కత్తీ పట్టుకుని కమెజో ఇంటికి వెళ్ళాను. మంచు పొలం మధ్య నుంచి వెనక్కి తగ్గింది. తడి మట్టిలో, తెల్లటి ఉన్ని కప్పుకుని, బొటనవేలంత లావున వరుసలు వరుసలుగా లేచి ఉన్నాయి. వాటి మధ్య మగవీ ఉన్నాయి. కొండ మీద ఉన్నట్టే ఉన్నాయి. ఇంట్లోంచి పది అడుగులు వేస్తే చాలు.

ఒంగబోతూ వెనక్కి తిరిగి చూశాను. కమెజో వాకిట్లో నిలబడి ఉన్నాడు. కినుయే కూర్చుని పట్టీలు కట్టుకునే మెట్టు వైపు చూస్తున్నాడు. మెట్టు మీద ఎవరూ లేరు. ఎవరో అడిగినట్టు, మామూలు గొంతుతో జవాబు చెప్పాడు.

"ఈ ఏడు పెరట్లోకే, తల్లీ."

తర్వాత నా వైపు తిరిగి, "కొయ్యి మాసూ," అన్నాడు. "మగవి వదిలెయ్."

మగవి వదిలేసి, మిగతావి కోశాను.